వెట్టి నుంచి వేతనానికి: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఇంటి చాకిరి చరిత్ర

ఉపోద్ఘాతం

తెలంగాణ సామాజిక చరిత్ర రచనలో భూమి, శిస్తు, కౌలు, అప్పు అనే అంశాలకు లభించిన స్థానం ఇంటి చాకిరికి లభించలేదు. వాకిలి ఊడ్చిన చేయి, వడ్లు దంచిన చేయి, అంట్లు తోమిన చేయి చరిత్ర గ్రంథాల్లో పోరాట నేపథ్యంగా మాత్రమే కనిపిస్తాయి. పొలంలో పండిన గింజకు లెక్క ఉంది. ఆ గింజను దంచి, వండి, వడ్డించిన శ్రమకు లెక్క రాసినవారు తక్కువ. ఈ శ్రమను ఎవరు నియమించారు, ఏ షరతులపై నియమించారు, దేనితో చెల్లించారు, పని విడిచి వెళ్ళే హక్కు పనివారికి ఉన్నదా అనే ప్రశ్నలు ఒక ప్రాంత చరిత్రను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తాయి.

ఇందుకు పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు తగిన క్షేత్రం. నేటి కోదాడ నిజాం కాలంలో హుజూర్‌నగర్ తాలూకాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. పాలనాపరంగా విడిపోయినప్పటికీ చాకిరి చరిత్ర విషయంలో ఈ మూడు పట్టణాల పరిసరాలది ఒకే అనుభవం. ఈ ప్రాంతం నుంచి వెళ్ళినవారు నేడు గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో ఇంటిపనివారుగానూ, ఇంటిపనివారిని నియమించుకొనే యజమానులుగానూ ఉన్నారు. అక్కడి రాతపూర్వక ఒప్పందం వెనుక ఇక్కడి గడీల జ్ఞాపకం ఉన్నది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలవడం ఈ వ్యాస లక్ష్యం.

పదాలు చెప్పే చరిత్ర

చాకిరికి, దాని ప్రతిఫలానికి తెలుగులో ఉన్న పదజాలం విస్తృతమైనది. ‘వెట్టి’ అనే మాటకు సంస్కృత ‘విష్టి’ ప్రకృతి. ప్రతిఫలం లేకుండా రాజ్యానికి చేసే నిర్బంధ శ్రమ అనే అర్థంలో ‘విష్టి’ కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే కనిపిస్తుంది. ‘జీతం’ అనే మాట ‘జీవితం’ నుంచి వచ్చింది. బ్రతకడానికి ఇచ్చేది జీతం. ‘నౌకరి’, ‘చాకిరి’ పారసీక మూలాల నుంచి పాలనా భాష ద్వారా జనం నోటికి చేరాయి. ‘కూలి’ ద్రావిడ పదం. అది చేసిన పనికి అప్పటికప్పుడు ముట్టే ప్రతిఫలం.

ఈ మాటల మధ్య తేడా నిఘంటు సంబంధమైనది మాత్రమే కాదు. కూలి రోజుతో ముగుస్తుంది. సాయంత్రం గింజలు కొలిచిన తరువాత ఎవరి దారి వారిది. జీతం ఏడాది పొడుగునా సాగుతుంది. జీతం తీసుకొనేవాడు జీతగాడు, అంటే ఆ ఇంటి మనిషిగా పిలువబడుతూ ఆ ఇంటి మనిషి కానివాడు. వెట్టికి మొదలూ లేదు, ముగింపూ లేదు. అది పుట్టుకతో వచ్చేది. ‘జీతబత్తేలు’ అనే జంట పదంలో నగదు లేదా ధాన్యం ఒక భాగం, తిండి మరొక భాగం. నేటి కార్యాలయాల ‘జీతభత్యాలు’ ఆ పాత ఏర్పాటునే గుర్తుచేస్తాయి. “జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట” అనే సామెతను సాధారణంగా కపట సేవను ఎత్తిచూపడానికి వాడతారు. అయితే ఆ సామెతకు ఆధారమైన భావన వేరు. ప్రతిఫలం లేని పని సహజం కాదని, అటువంటి పని వెనుక మరేదో ఉంటుందని జనం గుర్తించారు. వెట్టి విషయంలో ఆ ‘మరేదో’ సేవకుని కపటం కాదు, యజమాని బలం.

వెట్టి: వేతనం లేని కొలువు

నల్లగొండ జిల్లా గ్రామాల్లో వెట్టి ఏ రూపంలో ఉండేదో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ ప్రజాపోరాట చరిత్రలో వివరంగా నమోదు చేశాడు. దళిత కుటుంబాలు ఇంటికొక మనిషిని వెట్టికి పంపవలసి వచ్చేది. పటేలు, పట్వారీ, దేశముఖు ఇళ్ళలో పనులు చేయడం, ఠాణాకూ తాలూకా కచేరీకీ కాగితాలు మోయడం, చావడి దగ్గర కాపలా ఉండటం వారి బాధ్యతలు. చాకలివారు బట్టలు ఉతకాలి, మంగలివారు సేవ చేయాలి, కుమ్మరులు కుండలు ఇవ్వాలి, గీత కార్మికులు కల్లు పోయాలి, గొల్లలు గొర్రెలు ఇవ్వాలి, చెప్పులు కుట్టేవారు చెప్పులు సమర్పించాలి. ఈ జాబితాను ఇంటి నిర్వహణ దృష్టితో చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. గడీ అనే పెద్ద ఇంటికి కావలసిన సమస్త సిబ్బందినీ ఊరే సమకూర్చింది. నియామకం కులం ద్వారా జరిగింది. చెల్లింపు ఉండేది కాదు.

సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా యాభై వేల ఎకరాల భూమి ఉన్నట్లు సుందరయ్య పేర్కొన్నాడు. ఇంతటి ఆస్తిని నిలిపి ఉంచడానికి ఎన్ని చేతులు అవసరమో ఊహించవచ్చు. ఆ చేతులకు నగదు రూపంలో వేతనం చెల్లించవలసి వస్తే గడీ ఆర్థిక వ్యవస్థ ఆ రూపంలో నిలిచేది కాదు. కాబట్టి వెట్టి కేవలం దొరల అహంకారానికి చిహ్నం కాదు, అది గడీ జమాఖర్చులకు పునాది.

ఇంటి చాకిరిలో అత్యంత దయనీయమైన స్థానం ఆడబాపలది. దొర కూతురికి పెళ్ళి చేసి పంపేటప్పుడు ఆమె వెంట పరిచారికగా ఒక బాలికను పంపే ఆచారం గడీల్లో ఉండేది. ఆ బాలికకు జీతం లేదు, గడువు లేదు, తిరిగి వచ్చే ఇల్లు లేదు. సేవతో పాటు లైంగిక దోపిడీ కూడా ఆమె బ్రతుకులో భాగమైంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల, బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ చిత్రం ఈ వర్గాన్ని సాహిత్య, చలనచిత్ర రంగాల్లో ప్రధాన పాత్రగా నిలిపాయి. పనిమనిషిని కానుకగా ఇవ్వగలిగిన చోట వేతనం అనే ప్రశ్నే పుట్టదు. ఇవ్వబడిన వస్తువుకు ఎవరూ జీతం ఇవ్వరు.

జీతం, భాగేలా: లెక్క ఎవరి చేతిలో ఉంది?

వెట్టికి భిన్నంగా జీతంలో ఒక ఒప్పందం ఉంది. సాధారణంగా ఏడాది లెక్కన, ధాన్య రూపంలో, తిండీ బట్టా కలుపుకొని జీతగాడిని పెట్టుకొనేవారు. పసులు కాయడం, దొడ్డి ఊడ్చడం, నీళ్ళు మోయడం, నాగలి దున్నడం అనే పనుల మధ్య గీత ఉండేది కాదు. అతడు ఇంటి పనివాడా, పొలం పనివాడా అని నిర్ణయించేది ఆనాటి అవసరం మాత్రమే. పని గంటలు అనే భావన లేదు. నిద్ర లేచినది మొదలు నిద్రపోయే వరకూ అతడి కాలం యజమానిది.

ఈ ఒప్పందానికి అప్పు తోడైనప్పుడు అది భాగేలా అయింది. పెళ్ళికో, చావుకో, కరువులో తిండికో తీసుకున్న అప్పుకు బదులుగా మనిషి తన శ్రమను తాకట్టు పెట్టేవాడు. జీతంలో కొంత వడ్డీకి జమ అయ్యేది. తిండి గింజల కోసం మళ్ళీ అప్పు చేయవలసి వచ్చేది. తండ్రి తీర్చలేని అప్పు కొడుకు మీద పడేది. ఇక్కడ కీలకమైనది జీతం ఎంత అన్న ప్రశ్న కాదు, లెక్క ఎవరు రాశారన్నది. ఉర్దూ అధికార భాషగా ఉన్న రాజ్యంలో, చదువు అందని కులాలకు చెందిన జీతగాడు తన పేరున రాసిన కాగితాన్ని తాను చదువుకోలేడు. కాగితంపై అతడికి చెందినది వేలిముద్ర ఒక్కటే. యజమానే అప్పు ఇచ్చినవాడు, యజమానే జీతం ఇచ్చేవాడు, యజమానే లెక్క రాసేవాడు. ఈ మూడు పాత్రలు ఒకే చేతిలో ఉన్నంతకాలం అప్పు తీరడం యజమాని ఇష్టంపై ఆధారపడి ఉంటుంది.

రుణదాస్యాన్ని అదుపు చేయడానికి వివిధ ప్రభుత్వాలు ప్రయత్నించాయి. బీహారు, ఒరిస్సా ప్రాంతాలకు 1920లో వచ్చిన కమియౌతి ఒప్పందాల చట్టం రాతపూర్వక పత్రాన్ని, ఏడాది కాలపరిమితిని తప్పనిసరి చేసింది. మద్రాసు ఏజెన్సీ ప్రాంతాలకు 1940లో రుణదాస్య నిబంధన వచ్చింది. హైదరాబాదు రాజ్యంలో భాగేలా ఒప్పందాల చట్టం 1943లో వచ్చింది. ఈ చట్టాలన్నీ దాస్యాన్ని ఒప్పందంగా గుర్తించి, ఆ ఒప్పందాన్ని నియంత్రించడానికి పూనుకున్నాయి. పత్రం చదవలేని మనిషికి పత్రం రక్షణ ఇవ్వజాలదన్న సంగతి వాటి పరిధిలోకి రాలేదు. పైగా అమలు చేయవలసిన గ్రామాధికారులే అనేక చోట్ల భాగేలాలను పెట్టుకొన్నవారు.

ఒకే బాటపై రెండు పాలనలు

సూర్యాపేట నుంచి కోదాడకు వెళ్ళే దారిలో మునగాల పరగణా ఉన్నది. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా ఈ పరగణా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో భాగం. బాటసారి ఒక్క రోజు ప్రయాణంలో నిజాం ఇలాకా దాటి, బ్రిటిషు ఇలాకాలో అడుగుపెట్టి, మళ్ళీ నిజాం ఇలాకాలోకి చేరుకొనేవాడు. నాణెం మారేది, కచేరీ భాష మారేది. వెట్టి మాత్రం మారలేదు. మునగాల జమీందారీలో కూడా 1930ల్లో అక్రమ వసూళ్ళకు, వెట్టికి వ్యతిరేకంగా రైతులు ఆందోళన జరిపారు.

మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు తెలుగు భాషా వికాసానికి చేసిన సేవ సుప్రసిద్ధం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలో వారి పాత్ర ఉన్నది. గ్రంథాలయోద్యమానికి చేయూతనిచ్చిన సంస్థానంలోనే వెట్టిపై ఆందోళన అవసరమైందన్న వాస్తవాన్ని సాహిత్య చరిత్రకారులు విస్మరించరాదు. విద్యాభిమానం, చాకిరి వ్యవస్థ ఒకే ఇంటి గోడల మధ్య కలిసి నిలవగలిగాయి. చాకిరి దుష్టుల దోషం మాత్రమే కాదని, అది మంచివారు కూడా గమనించకుండా అనుభవించిన అలవాటని దీనివల్ల తెలుస్తుంది.

ఆంధ్ర మహాసభ నుంచి సంఘం వరకు

వెట్టి నిర్మూలన నిజాం రాష్ట్రంలోని ఆంధ్రోద్యమం తొలినాళ్ళలోనే చర్చకు వచ్చింది. మాడపాటి హనుమంతరావు వంటి నాయకులు వినతిపత్రాలు, తీర్మానాలు, కరపత్రాల ద్వారా దీనిని ప్రభుత్వ దృష్టికి తెచ్చారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రారంభమైన ఆంధ్ర మహాసభ క్రమంగా గ్రామ సమస్యల వైపు మళ్ళింది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మహాసభ జరిగిన చిలుకూరు గ్రామం హుజూర్‌నగర్ తాలూకాలోనిది, నేటి కోదాడకు సమీపంలోనిది. 1944లో భువనగిరి మహాసభ సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకు తగ్గించింది. ఆ తగ్గింపుతో జీతగాళ్ళకూ, వెట్టివారికీ సభ తలుపులు తెరుచుకొన్నాయి. జనం దానిని ‘సంఘం’ అని పిలుచుకొన్నారు.

మల్లు స్వరాజ్యం జీవితం ఈ మార్పును ఇంటి లోపలి నుంచి చూపుతుంది. ఆమె 1931లో సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో జన్మించింది. వెట్టిని వ్యతిరేకించాలన్న మహాసభ పిలుపును అనుసరించి, బంధువుల అభ్యంతరాలను లెక్కచేయక చిన్నతనంలోనే చాకిరి చేసేవారికి బియ్యం పంచింది. ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వెలువడింది. బియ్యం పంచడం దానంగా కనిపించవచ్చు. కానీ ఆ ఇంటి వడ్లు దంచినవారికి ఆ ఇంటి బియ్యం ఇవ్వడం నిజానికి చెల్లింపు. పెద్దల అభ్యంతరం కూడా అందుకే. వారు వెనుదీసింది పిడికెడు బియ్యానికి కాదు, బియ్యం ఇవ్వవలసి ఉందని ఒప్పుకోవడానికి. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఇటువంటి స్త్రీల అనుభవాలను వారి మాటల్లోనే నమోదు చేసి, ఇంటి శ్రమను చరిత్ర ఆధారంగా నిలిపింది.

వంటింటి నుంచి గ్రంథమాలకు

నల్లగొండ జిల్లా సాహిత్య చరిత్రలో ఇంటిపనిని స్వయంగా చేసిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేస్తూ చదువు నేర్చుకొన్నాడు. ఆపైన విజయవాడలో హోటలు పనివాడిగా ఉన్నాడు. హైదరాబాదు చేరి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించాడు. ఆయన నవల ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. తెలంగాణ గ్రామంలోని దొరతనాన్ని, వెట్టిని చిత్రించిన తొలి నవలల్లో అది ఒకటి.

ఆళ్వారుస్వామి చేసిన వంటపనికి ప్రతిఫలంగా దొరికినది నగదు కాదు, అక్షరం. అదే కాలంలో అదే జిల్లాలోని భాగేలాకు అక్షరం అందలేదు. ఇద్దరూ పరాయి ఇంట్లో పనిచేసినవారే. ఒకరు ఆ ఇంటిని విడిచి మరొక ఊరికి, మరొక పనికి వెళ్ళగలిగారు. మరొకరు వెళ్ళలేకపోయారు. ఈ తేడాలో కులం పాత్రను కాదనలేము. వైష్ణవ కుటుంబంలో పుట్టిన బాలునికి వంటింటి ప్రవేశం సాధ్యమైంది, వెట్టి కులాల బాలునికి దొడ్డి దాటి లోపలికి రావడమే నిషిద్ధం. ఇంటిపనిలో సైతం ఎవరు వంట చేయవచ్చు, ఎవరు పేడ తీయాలి అన్నది కులమే నిర్ణయించింది. నేటికీ పట్టణ గృహాల్లో వంటమనిషికీ, పాచిపని చేసే మనిషికీ జీతంలోనూ గౌరవంలోనూ ఉన్న తేడాకు మూలం ఇక్కడ ఉంది.

సాగరు నీరు, చట్టం

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైంది. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. అదే ఏడాది అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం ద్వారా వెట్టిని నిషేధించింది. అయినా ఏటి జీతాలు, అప్పు జీతాలు వెంటనే అంతరించలేదు. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన శాసనం బంధిత అప్పులను రద్దు చేసింది. 1943 నాటి చట్టం అప్పు ఒప్పందాన్ని సరిదిద్దబోగా, 1976 నాటి చట్టం ఆ ఒప్పందాన్నే చెల్లనిదిగా ప్రకటించింది. 1982లో సుప్రీంకోర్టు ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా నిర్బంధ శ్రమేనని తీర్పు చెప్పింది. దీనితో వెట్టి నిర్వచనం విస్తరించింది. బలవంతం కర్రతోనే జరగనక్కరలేదు, ఆకలితో కూడా జరుగుతుందని న్యాయస్థానం గుర్తించింది.

చట్టంతో పాటు నీరు కూడా మార్పు తెచ్చింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు నుంచి 1967లో కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను వరి మాగాణంగా మార్చింది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల కేంద్రంగా ఎదిగింది. నాట్లకూ, కోతలకూ, మిల్లు పనికీ మనుషులు కావలసి వచ్చారు. బయట కూలి దొరికినప్పుడే మనిషి ఏటి జీతాన్ని కాదనగలడు. వడ్లు దంచే శ్రమను మిల్లు తీసుకోవడంతో ఇంటి చాకిరిలో ఒక పెద్ద భాగం ఇంటి బయటికి వెళ్ళింది. మిగిలినది ఊడ్చడం, కడగడం, ఉతకడం, పిల్లలనూ వృద్ధులనూ చూసుకోవడం. ఈ పని క్రమంగా స్త్రీలదైంది, నెల జీతానికి మారింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. అయితే ఆ వేతనం ఇవ్వాలన్న సంగతి తెలిసిన గృహస్థులు నేటికీ తక్కువే.

పరదేశంలో యజమాని

గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే తెలుగు స్త్రీల విషయంలో పాత ప్రశ్నలే కొత్త రూపంలో ఎదురవుతాయి. వలస అనుమతి అవసరమైన దేశాలకు వెళ్ళే స్త్రీలకు భారత ప్రభుత్వం ముప్ఫై ఏళ్ళ కనీస వయస్సును విధించింది. 2016 నుంచి వారి నియామకాన్ని తెలంగాణలోని టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏటా వేతనంతో కూడిన సెలవు నిర్దేశించింది. పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది. 2016లో కనీస వేతనాన్ని అరవై దినార్లుగా నిర్ణయించింది. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక 2011లో వచ్చింది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసినప్పటికీ ఇంకా ధ్రువీకరించలేదు.

యజమాని స్థానంలో ఉన్న ప్రవాసికి అనుభవం మరోలా ఉంటుంది. అమెరికాలో 1974 సవరణతో ఇంటిపనివారు సమాఖ్య కనీస వేతన చట్టం కిందికి వచ్చారు. అక్కడ ఇంట్లో మనిషిని పెట్టుకొన్నవారు గంటల లెక్క రాయాలి, పన్ను కట్టాలి. 2013 డిసెంబరులో న్యూయార్కులో ఒక భారత దౌత్యాధికారిపై నమోదైన కేసు ఈ అంశాన్ని అంతర్జాతీయ వివాదంగా మార్చింది. వీసా పత్రంలో చూపిన వేతనానికీ, విడిగా కుదుర్చుకొన్న వేతనానికీ తేడా ఉందన్నది అందులోని ఆరోపణ. భారతదేశంలో జరిగిన చర్చ ఎక్కువగా దౌత్య గౌరవం చుట్టూ తిరిగింది. పనిమనిషి వేతనం చర్చలో వెనుకబడింది. కాగితం మీది జీతం, చేతికందే జీతం వేరుగా ఉండటం భాగేలా చరిత్ర తెలిసినవారికి కొత్త విషయం కాదు.

ఈ మూడు పట్టణాల నుంచి విదేశాలకు వెళ్ళిన కుటుంబాల్లో మరొక ఏర్పాటు కూడా ఉంది. పురిటికి, పసిపిల్లల పెంపకానికి ఊరి నుంచి తల్లినో, అత్తనో పిలిపించుకొంటారు. ఆ శ్రమ ప్రేమతో కూడినదే, ఎవరూ దానిని వెట్టి అనరు. అయినా అక్కడి గంట వేతనంతో పోల్చినప్పుడే ఆ శ్రమ విలువ ఇంటివారికి తెలిసివస్తుంది. ఇంటిపనికి ధర కట్టే దేశానికి వెళ్ళిన తరువాత గాని, ధర కట్టని దేశంలో ఆ పని చేసినవారి ఋణం కనబడదు.

ముగింపు

పై పరిశీలన వల్ల ఇంటి చాకిరి చరిత్రను వేతన పరిమాణంతో మాత్రమే కొలవలేమని స్పష్టమవుతుంది. మూడు ప్రమాణాలు ముఖ్యం. పనిలో చేరడం ఇష్టపూర్వకమా? లెక్కను పనివారు చూడగలరా? కాదనుకొన్ననాడు విడిచి వెళ్ళగలరా? వెట్టి ఈ మూడింటినీ నిరాకరించింది. భాగేలా మొదటిదానిని ఇచ్చినట్లు కనిపించి మిగిలిన రెండింటినీ లాగేసుకొన్నది. గల్ఫ్ చట్టాలు, అమెరికా చట్టాలు, మన దేశపు కనీస వేతన నిబంధనలు ఈ మూడింటినీ కాగితంపై గుర్తించాయి. వాటి అమలు ప్రతి ఇంటి గడప దగ్గర ఆగిపోతున్నది, ఎందుకంటే ఇంటి లోపలికి తనిఖీ అధికారి రాడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత ప్రజలు వెట్టిని ఎదిరించడంలో దేశ చరిత్రలో ప్రత్యేక స్థానం సంపాదించుకొన్నారు. ఆ వారసత్వాన్ని విగ్రహాలూ సభలూ గుర్తుచేస్తున్నాయి. ఇంట్లో పనిచేసే మనిషికి నెల మొదటి తేదీన, ఆమెకు తెలిసిన లెక్క ప్రకారం, ఆమె అడగకముందే జీతం ముట్టినప్పుడు ఆ వారసత్వం సార్థకమవుతుంది. గడీలు కూలిన తరువాత వాటి అలవాట్లు ఎంతకాలం బ్రతికాయో తెలుసుకోవడానికి నేటి ఇళ్ళలోని జీతాల లెక్కలు, సెలవుల లెక్కలు, ఇంటిపనివారి మౌఖిక కథనాలు పరిశోధకులకు ఆధారాలు కాగలవు. తెలుగు శాఖలు సేకరించవలసిన ప్రజాసాహిత్యంలో అవి కూడా భాగమే.